దడువాయి బిడ్డ తూకం

మొన్న మా పక్కింటామె సమ్మక్క జాతర నుంచి వచ్చి, పాత పేపరుల పొట్లం కట్టిన ఇంత బంగారం నా చేతుల పెట్టిపోయింది. బంగారమంటే బెల్లమే. మొక్కున్నోళ్లు మనిషిని కాంటా మీద నిలబెట్టి, ఆ మనిషి బరువుకు సరిపడ బెల్లం జోకి అమ్మలకు ఇస్తరు, దాన్నే ఎత్తు బంగారం అంటరు. పసుపు, కొబ్బరి, చెమ్మపట్టిన బెల్లం కలిసిన ఆ వాసన ముక్కుకు తాకంగనే, వికారాబాద్‌ల మా వంటింట్ల ఉన్న నేను సక్కగ తాండూరు పోయి, పద్నాలుగేండ్ల పిల్లనై మా ఇంటి వాకిట్ల నిలబడ్డ. పొట్లాన్ని కండ్లకద్దుకుని ఫ్రిజ్ మీద పెట్టిన గని, నోట్లె వేసుకోలే.

మా నాయిన తాండూరు మార్కెట్ యార్డుల దడువాయి. కాంటా పెట్టి తూకం చెప్పే మనిషిని మా దిక్కు గట్లనే అంటరు. కందుల సీజన్ వచ్చిందంటే యార్డు నిండ ఎర్రటి కుప్పలు, హమాలీల తువ్వాల చుట్టలు, ముక్కుల్ల దూరే కందిపొట్టు, బయట బండల పాలిష్ మిషన్ల నుంచి రోడ్డు మీదికి పారే తెల్లటి బురద, సరిహద్దు దాటి వచ్చిన రైతుల కన్నడం, వీటన్నిటి మీదికెల్లి మా నాయిన గొంతు. బస్తా కాంటా మీద పడంగనే గుండు జరిపి, ముల్లు నిలబడంగనే తూకాన్ని రాగం తీసి మూడుసార్లు పాడుతుండె. అమ్మేటోనికి, కొనేటోనికి, రాసుకునేటోనికి ముగ్గురికి వినపడాల్నని. బడి నుంచి వస్త వస్త గేటు కాడ ఆగి ఆ గొంతు వింటే నాకు మస్తు గర్వమనిపిస్తుండె.

నేను పుట్టిన ఆరునెల్లకు పచ్చకామెర్లు వచ్చి పాణం మీదికొస్తే, మా నాయనమ్మ, ఆమెను మేం అవ్వ అంటుంటిమి, పిల్ల బతికితే ఎత్తు బంగారం ఇస్తనని సమ్మక్కకు మొక్కుకున్నదట. బతికిన. పిట్టంత పిల్ల దక్కిందన్న సంబురంల అవ్వ ఇగ నన్ను మేపుడు మొదలుపెట్టింది. చలికాలం పొద్దున పొయ్యి ముందల కూసోబెట్టి పొగలు కక్కే జొన్నరొట్టె మీద చెంచాల కొద్ది నెయ్యి, మాపటికి ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు ఒడినిండ, సద్దుల బతుకమ్మ నాడు వేళ్ల సందుల్ల నెయ్యి కారే మలీద ముద్దలు; ఒక్క ముద్ద వద్దంటే చాలు, అవ్వ కండ్లల్ల నీళ్లు తిరుగుతుండె. మొక్కునేమో ఈ జాతరకు కాదు వచ్చే జాతరకని జరుపుకుంట పోయిన్రు. మూడేండ్లప్పుడే తీర్చి ఉంటే ఒక్కరు కూడ నవ్వకపోదురు.

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి, బుగ్గలు గిల్లి ముద్దు చేసినోళ్లే ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుడు షురూ చేసిన్రు. షేర్ ఆటో ఎక్కితే ఇద్దరి జాగ ఆక్రమించిందని డ్రైవర్ గొణుగుడు, కొలతలు తీసుకుంట టైలరు టేపు కొసను దుకాణంల ఉన్నోళ్లందరికి చూపెట్టుడు, ఖోఖోల నన్ను ఆటలో అరటిపండును చేసి అందరి చెప్పులకు కావలి కూసోబెట్టుడు. పెండ్లిండ్లల్ల నేనెన్ని గారెలు తీసుకున్ననో నాకంటే పక్కోళ్లకే బాగ ఎరుక. అవ్వ కూడ మారింది. కుక్కి కుక్కి తినిపించిన చేతులే గిన్నె లాక్కుని, జర నోరు కట్టుకో అంటుంటే, తప్పు నాదెట్లయిందో నాకు ఇప్పటికీ సమజ్ కాదు. ఇంట్ల నన్ను ఒక్క మాట అననిది మా నాయిన ఒక్కడే.

తొమ్మిదిల ఉన్నప్పుడు మా బడికి డాక్టర్లు వస్తరని, అందరిని తూసి పేరు పక్కన బరువు గట్టిగ చదువుతరని తెలిసింది. రెండు రోజులు నాకు అన్నం సయించలే. అమ్మకు కూడ చెప్పలే, నాయినకు ఒక్కనికే చెప్పిన. ఆదివారం యార్డు ఖాళీగ ఉన్నప్పుడు నన్ను తీసుకపోయి, కాంటా మీద నిలబెట్టి, గుండు జరిపి, అంత పెద్ద గొంతున్న మనిషి వంగి నా చెవుల మెల్లగ చెప్పిండు. ఎంతనో మీకు కూడ చెప్ప.

"ఈ ముచ్చట మన ఇద్దరి నడుమనే బిడ్డా" అన్నడు. డాక్టర్లు వచ్చిన నాడు జ్వరమని చిట్టీ రాసిచ్చి నన్ను ఇంట్లనే ఉంచిండు. ఆ బరువు మోసేటందుకు నాకొక తోడు దొరికిందనుకున్న.

ఆ మరుసటేడు జాతర వచ్చింది. తను పోకముందే మొక్కు తీరాలని అవ్వ పట్టుబట్టింది. నేను నాయిన కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. తెల్లారక ముందే, మన ఇంటోళ్లమే, తలుపు పెట్టుకుని చేద్దామని మాటిచ్చిండు. ఆయన మాటిస్తే ఇగ నాకేం ఫికర్ అని కంటినిండ నిద్రపోయిన.

లేచి చూస్తే వాకిట్ల టెంటు. కాంటా మోసుకొచ్చిన నలుగురు హమాలీలు, డప్పులోళ్లు, చుట్టాలు, గల్లీ జనం, మా క్లాసు పిల్లలు ఇద్దరు. అవ్వ ముచ్చటపడ్డదని నాయిన నా దిక్కు చూడకుంటనే అన్నడు. కొత్త లంగ ఓణిల, నుదుట ఇంత బొట్టుతోని పోయి కాంటా ఎక్కిన. డప్పు ఆగింది. నాయిన గుండు జరిపిండు, ముల్లు నిలబడ్డది, నిలబడంగనే మా నాయిన యార్డు గొంతు ఎత్తుకుని నా బరువును రాగం తీసి మూడుసార్లు పాడిండు.

ఒక హమాలీ కిసుక్కుమన్నడు, ఇగ వాకిలి వాకిలంత నవ్వింది. అలవాటున నోరు జారిందనుకుందు, మాఫ్ చేద్దును. గని మా నాయిన కూడ నవ్విండు. తువ్వాలతోని మూతి తుడుచుకుంట, వాళ్లతోని కలిసి నన్ను చూసి నవ్విండు.

లోపలికి ఉరికి బియ్యం బస్తాల మీద పడి ఏడుస్తుంటే మా పెద్దమ్మ వచ్చి తల నిమిరింది.

"గింతదానికే ఏడుస్తరా బిడ్డా? మీ నాయిన నీ తూకం నిరుడే చెప్పిండు గద, అందరికి ఎరుకనే."

నిరుడే. అంటే ఆ ఆదివారం నుంచే. గేటు కాడ నేను నిలబడ్డప్పుడల్ల హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది గందుకే. నేనేమో దడువాయి బిడ్డనని మర్యాదిస్తున్నరనుకుంటి, పిచ్చిదాన్ని. బయట అవ్వ బెల్లం ముద్దలకు పసుపు రాసుకుంట, మస్తు బంగారమైందని మురిసిపోతున్నది. జాతరల అమ్మలకు ఇయ్యంగ మిగిలినదాన్ని తెచ్చి గల్లీ అంత పంచిన్రు, అందరు కండ్లకద్దుకుని తిన్నరు.

ఆ మాపున నాయిన వేడి వేడి మిర్చీ బజ్జీలు తెచ్చి నా ముందల పెట్టి, నోరు జారింది, మనసుల పెట్టుకోకు అన్నడు. తిన్న. పొద్దటి నుంచి ఏం తినలే, ఆకలైంది. పెద్దమ్మ చెప్పిన మాట నేను అడగలే, ఆయన చెప్పలే.

అవ్వ పోయి చానా ఏండ్లయింది. జొన్నరొట్టె ఇప్పుడు రోడ్డు మీద కొనుక్కొస్తున్నం. యార్డుల ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చినయి, అంకె దానంతటదే ఎర్రగ వెలుగుతది, పాడేటోళ్లతోని పని లేదు. మా నాయిన గొంతు ఇప్పుడు ఫోన్లనే.

నిన్న ఫోన్ చేసిండు. నేను దవాఖానకు పోయిన్నని అమ్మ చెప్పిందట.

"డాక్టర్ ఏమన్నడు బిడ్డా?"

డాక్టర్ చానా చెప్పిండు. షుగర్ గురించి, మోకాళ్ల గురించి రెండు కాయిదాల నిండ రాసిచ్చిండు. అవి ఫ్రిజ్ మీద, ఆ బెల్లం పొట్లం కిందనే ఉన్నయి. రాత్రంత భయమైతున్నది, ఎవరికన్న చెప్పుకుంటే బాగుండనిపిస్తున్నది.

"ఏమనలే నాయినా, అంత మంచిగనే ఉన్నదట" అన్న.