వన్నూరప్పన్నతో సముద్రానికి

కళ్యాణదుర్గం సంతలో ఎండుచేపల బుట్టల పక్కగా నడిస్తే చాలు, నాకు వన్నూరప్పన్న గుర్తొస్తాడు. కంబదూరు దగ్గర మా చేనికి ఆనుకున్న చేను ఆయనది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నాయన పోయాక విత్తే గొర్రు పట్టడం, మబ్బును చూసి మోసపోకుండా ఉండటం నాకు నేర్పింది ఆయనే. రెండోది ఇప్పటికీ సరిగ్గా రాలేదనుకోండి.

వరసగా రెండేళ్లు వేరుశనగ ఎండిపోయాక, ఆ వేసవిలో మా వీధివాళ్లం టెంపో మాట్లాడుకుని పడమటి సముద్రం చూడబోయాం. తిరిగి రాగానే బెంగళూరులో కాపలా పనికి పోవాలని లోలోపల తేల్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇక విత్తేది లేదు కదా అని, విత్తనానికి దాచిన మూటలు విప్పి చుట్టాలకు పంచేశాను. మిగిలిన సంచెడు కాయలు వేయించి దారికి తెచ్చాను.

నల్లబండల మీద అలలు విరుగుతుంటే అందరూ ఫోటోల్లో మునిగిపోయారు. వన్నూరప్పన్న దోసెడు నీళ్లు తీసుకుని, నాలుకకు తగిలించి, ఉమ్మేశాడు. ఇన్ని నీళ్లుండీ ఒక్క మడికి పనికిరావని సముద్రం మీదే అలిగాడు. అలిగినవాడు పొద్దు గుంకేదాకా ఆ బండ మీంచి లేస్తే ఒట్టు.

మర్నాడు కొండల్లోని జాతీయ ఉద్యానవనానికి పోయాం. రాత్రి కురిసిన వానకు అడవంతా తడిసి ఉంది. టెంపో దిగీ దిగగానే ఆయన ఒక చెట్టు కింద గొంతుకూర్చుని చేత్తో మట్టి తవ్వసాగాడు. వాన పడితే తడి ఎంత లోతు దిగిందో చేత్తో చూడటం మావాళ్లందరికీ ఉన్న అలవాటే. అక్కడ మోచేయి దాకా పోయినా తడే. ఇంతలో అడవి గార్డు పరుగున వచ్చి, ఇక్కడ గుంతలు తీయకూడదని గద్దించాడు. కర్ణాటక సరిహద్దున గుమ్మఘట్టలో పుట్టిన మనిషి కాబట్టి వన్నూరప్పన్న కన్నడంలోనే, పదును చూస్తున్నానని చెప్పి బుద్ధిగా గుంత పూడ్చాడు. గార్డుకు నవ్వాగలేదు. మాటల్లో అతని సంగతీ బయటపడింది. పోయిన ఏడు వాన తెరిపివ్వక అతని వక్కతోటలో కాయంతా కుళ్లి రాలిపోయిందట. ఈ నేల మీద పుట్టి ఉంటే ఎంత బాగుండేదని అప్పటిదాకా ఏడుస్తున్న నాకు సిగ్గేసింది. వన్నూరప్పన్న నా సంచిలోంచి గుప్పెడు కాయలు తీసి అతని చేతిలో పోశాడు. అతను ఒలుచుకు తిని, ఇంత రుచైన కాయలు ఎన్నడూ తినలేదన్నాడు. ఇవి పండించింది ఇతనే అని ఆయన నన్ను గర్వంగా చూపించాడు. చేతిలో మిగిలిన కాయను అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో వేసుకున్నాడు.

తిరుగు దారిలో నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఏమప్పా, యిత్తనానికి ఏరిపెట్టినవి ఏంచుకోనొచ్చినావు గదా?"

విత్తనం వేయించుకున్నవాడు ఇక ఊళ్లో ఉండడని పసిగట్టేశాడు. తిడతాడనుకున్నాను.

"మా ఇంట్లో నాలుగు మూటలుండాయి. రెండు నీవి. వాన పడితే ఇద్దరమూ యిత్తుదాం. ఆమీట యాడికన్నా పో."

వాన పడింది. ఇద్దరం విత్తాం. ఆ ఏడు పెద్దగా పండిందేమీ లేదు గానీ, నేను మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆయన కాలం చేసి మూడేళ్లయింది. ఇప్పుడు నేను ఏటా విత్తనం ఏరేటప్పుడు నాకు కావలసినదానికంటే రెండు మూటలు ఎక్కువ కడతాను. ఎవరికని అడుగుతుంది మా ఆవిడ. ఊళ్లో ఎవరో ఒకరు వేయించుకునే ఉంటారంటాను.