షాహీన్ అక్క ఫోన్ చేసిన ఆదివారం

మా చిన్నప్పుడు సెల్లు మోగిందంటే పరుగెత్తడమే నా పని... తెనాలిలో మా సందు మొత్తానికి అదొక్కటే సెల్లు మరి. నాన్న దాన్ని ఇంట్లోనే, గూట్లో పెట్టి వెళ్లేవారు. ఎవరికి ఫోనొస్తే వాళ్లను పిలుచుకురావాలి నేను.

ఎక్కువగా వచ్చేది ఫాతిమా పిన్నికే. పక్కింట్లో జాకెట్లు కుట్టేది. కూతురు షాహీన్ అక్కను రేపల్లె ఇచ్చారు. అక్క గొంతు వినగానే పిన్ని కొంగుతో సెల్లు తుడిచి మరీ చెవికి పెట్టుకునేది...

ఆ ఆదివారం ఇంట్లో నేనొక్కదాన్నే. సెల్లులో పాము ఆట ఆడుతున్నాను. ఎన్నడూ లేనంత పొడుగైంది పాము... అప్పుడే ఏదో తెలియని నంబరు. కట్ చేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ కట్ చేశాను. మూడోసారి కూడా...

నాలుగు రోజులకు సూరత్ నుంచి ఫోన్ చేసింది షాహీన్ అక్క. బావకు అక్కడ పని దొరికిందట. ఉన్నపళంగా బయలుదేరారట. ఆదివారం రేపల్లె బండి దిగి, తెనాలి స్టేషన్లో రెండు గంటలు కూర్చున్నారట. చంటిపాప, సామాను, వెంట అత్తమామలు... ఇంటికి వచ్చే వీల్లేక, అమ్మనే స్టేషన్‌కు రమ్మందామని ఫోన్ చేసిందట.

పిన్ని నా వైపు తిరిగింది. "ఆదివారం అక్క ఫోన్ చేసిందా అమ్మాయ్?"

వెనకే అమ్మ నిలబడి ఉంది.

"లేదు పిన్నీ... రాలేదు."

పిన్ని సెల్లులోకి మెల్లగా అంది. "రాలేదంటన్నారు కదే... చెప్పకుండా పోతే పోయావు. అబద్ధం దేనికే?"

ఆ తర్వాత ఏడాదిలోనే పిన్ని కూడా చవకలో ఒక సెల్లు కొనుక్కుంది. తల్లీకూతుళ్లు రోజూ మాట్లాడుకునేవారు. అయినా ఏ చిన్న మాట పట్టింపు వచ్చినా, "స్టేషన్ దాకా వచ్చి చెప్పకుండా పోయినదానివి" అనేది పిన్ని. గోడకు ఇవతల నాకు వినబడేది... అయినా నోరు విప్పలేదు. ఒక ఏడాది కాదు, ఇన్నేళ్లు.

మొన్న తెనాలి వెళ్లినప్పుడు చెప్పేశాను. పిన్ని కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఎన్నిసార్లు చేసింది?"

"మూడుసార్లు పిన్నీ."

పిన్ని వెంటనే ఫోన్ తీసి అక్కకు వీడియో కాల్ చేసింది. "చేశావంటగా తల్లీ... మూడుసార్లు చేశావంట..." అని ఒకటే ఏడుపు. అక్క కూడా ఏడుస్తోంది. ఆ తెర వైపు చూడడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంది... తల్లీకూతుళ్ల మధ్య నాలాంటి వాళ్లెవరూ అక్కర్లేదు. మంచిదే అయింది.

మీ వీధిలో మొదటి సెల్లు ఎవరింట్లో ఉండేది? మీ దగ్గర కూడా ఆగిపోయిన కబురు ఏదైనా ఉంటే... ముందు వాళ్లకు చెప్పండి. ఇక్కడ తర్వాత రాయొచ్చు.