నూటికి నూటనాలుగు

బ్రహ్మయ్యకి "కుదరదు" అనే మాట రాదు. తెలుగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, అవసరానికి సరిపడా హిందీ వచ్చు. ఏ భాషలోనూ ఆ ఒక్క ముక్క మాత్రం నోరు దాటి రాదు. నరసరావుపేటలో పుట్టి, పదకొండేళ్ళుగా అమెరికాలోని ప్లేనోలో ఉంటున్న ఈ నలభై ఆరేళ్ళ మనిషి ఇంతవరకు ఎవరికీ దేనికీ కాదని చెప్పిన పాపాన పోలేదు. ఒకే ఆదివారం మూడిళ్ళవాళ్ళు భోజనానికి పిలిస్తే మూడిళ్ళలోనూ పప్పన్నం దగ్గర్నుంచి పెరుగన్నం దాకా తిని, సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టిన రోజులున్నాయి. ఇండియా వెళ్ళేవాళ్ళు ఇంటి తాళాలన్నీ ఆయనకే ఇచ్చిపోతారు. మొహమాటం మనందరికీ ఉండేదే, కాదనను. నేను కూడా తక్కువ తినలేదు. కానీ ఈయనది మరీ విడ్డూరం.

ఆయన పనిచేసేది గరాజ్ తలుపులు తయారుచేసే కంపెనీలో. ఉద్యోగులు రెండువందల పన్నెండు మంది. వాళ్ళ ఫోన్లు, లాప్‌టాప్‌లు అన్నిటికీ అడ్మిన్ బ్రహ్మయ్య ఒక్కడే. తన కుర్చీలోంచి కదలకుండా ఎవరి ఫోన్‌లోకైనా యాప్ పంపగలడు, తాళం వేయగలడు, పోయిన ఫోన్ ఏ సోఫా కింద ఉందో చెప్పగలడు. కావాలంటే ఫోన్‌ని మొత్తం తుడిచేయగలడు కూడా. ఇంత అధికారం కాదనడం రాని మనిషి చేతిలో పెడితే ఏమవుతుందో ఆ కంపెనీవాళ్ళు ఆలోచించలేదు.

అసలు కథ నాలుగేళ్ళ కిందట శశికళ గారి ఫోన్‌తో మొదలైంది. ఆవిడ ఇంట్లో వండి, శనివారాలు కూరల డబ్బాలు అమ్మే పెద్దావిడ. గుత్తి వంకాయ అద్భుతంగా చేస్తుంది గానీ, ఫోన్ ఎక్కడ పెట్టిందీ గుర్తుండదు.

"నాయనా బ్రహ్మయ్యా, మీ ఆఫీసులో ఫోన్లు వెతికే మిషనేదో ఉందట కదా. నాది కూడా అందులో పడెయ్యరాదూ?" అంది.

కంపెనీ మూడువందల ఫోన్లకి సరిపడా లైసెన్సులు కొంది. ఎనభై ఎనిమిది ఉత్తినే పడున్నాయి. ఎవడబ్బ సొమ్మని అడిగే నాథుడు లేడు. "దానికేం భాగ్యమండీ, ఇటివ్వండి" అన్నాడు బ్రహ్మయ్య. ఆ ఫోన్‌ని ఆఫీసు జాబితాలో చేర్చేశాడు. ఇంకేముంది, ఊరంతా పాకింది. పురోహితుడు లక్ష్మీకాంతం గారి టాబ్లెట్ వచ్చింది, ఆయన మంత్రాలన్నీ అందులోనే ఉంటాయి మరి. పిల్లలు అస్తమానం గేములాడుతున్నారని తల్లులు ఐప్యాడ్‌లు తెచ్చి తాళం వేయించుకున్నారు. ముప్పై ఏడు పోగయ్యాయి. వాటన్నిటికీ కలిపి ఒక గ్రూపు పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో "మనవాళ్ళు" అని పేరు పెట్టాడు.

"ఎప్పుడో ఒకప్పుడు ఇది మన కొంప ముంచుతుంది, చూస్తూ ఉండండి" అని ఆయన భార్య గిరిజ అప్పట్నుంచీ అంటూనే ఉంది.

మొన్న మార్చిలో గ్లెన్ అనే వైస్ ప్రెసిడెంట్ బ్రహ్మయ్యని పిలిచాడు. పోటీ కంపెనీవాళ్ళు తమ తలుపుల డిజైన్లు దొంగిలిస్తున్నారని ఆయనకి అనుమానం. ఉద్యోగులందరి ఫోన్లలో వీపీఎన్ యాప్ పెట్టాలన్నాడు. అది పెడితే ఫోన్‌లోంచి పోయే ప్రతిదీ కంపెనీ దారిలోంచే పోవాలి, పక్కదారి ఉండదు. ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఆపడం అంత తేలిక కాదు.

"శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మీటింగులో నూటికి నూరు కనపడాలి. లేదంటే ఈ పని బయటివాళ్ళకి ఇచ్చేస్తాం" అన్నాడు గ్లెన్.

బయటివాళ్ళకి ఇస్తే బ్రహ్మయ్య కూడా బయటే. H-1B వీసా మీదున్న మనిషి. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేకపోతే పెట్టే బేడా సర్దుకోవాలి. పదకొండేళ్ళుగా గ్రీన్‌కార్డ్ వరసలో నిలబడ్డవాడు, కూతురు అనిక పదకొండో తరగతి. "ష్యూర్" అన్నాడు. ఇంకేమంటాడు?

బుధవారం పొద్దున యాప్ పంపడానికి కూర్చున్నాడు. ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి విడివిడిగా పంపొచ్చు. అలా పంపితే ఒక్కో మేనేజరూ ఫోన్ చేసి "మాకు వచ్చేవారం పంపు" అంటాడు. ఈయన సరే అంటాడు. ఆ సంగతి ఈయనకీ తెలుసు. ఎవరికీ కాదని చెప్పే పని లేకుండా, జాబితాలో అన్నిటికన్నా పైనున్న "అన్ని డివైసులు" అన్న బటన్ నొక్కేసి, కాఫీ తెచ్చుకోవడానికి లేచాడు. అన్నిట్లో మనవాళ్ళు కూడా ఉన్నారన్న సంగతి కాఫీలో చక్కెర కలుపుతున్నప్పుడు గుర్తొచ్చింది.

అప్పటికే ఫోన్ మోగుతోంది. పక్క ఊరు ఫ్రిస్కోలో ఎవరిదో గృహప్రవేశం నుంచి లక్ష్మీకాంతం గారు.

"బ్రహ్మయ్య గారూ, హోమం మధ్యలో ఉన్నానండీ. టాబ్లెట్‌లో మంత్రం పోయి మీ పేరొచ్చింది!"

"నా పేరేంటండీ?"

"'ఇది మీ వృత్తికి సంబంధించినది కాదు. సందేహాలుంటే బ్రహ్మయ్యను సంప్రదించండి' అని ఉందండీ. ఇదే కదండీ నా వృత్తి! ఇక్కడ ఇంటాయన నెయ్యి గరిట పట్టుకుని నావంక చూస్తున్నాడు."

కంపెనీ దారిలో వెళ్ళేవాటికి ఒక వడపోత ఉంది. మతం, వినోదం, వంటలు, జాతకాలు, ఆటలు, అన్నీ బందు. గరాజ్ తలుపులొక్కటే చూడొచ్చు. బ్రహ్మయ్య ఆఫీసు దేవుడి పటం దగ్గర పెట్టుకున్న మంత్రపుస్తకంలోంచి ఫోన్‌లోనే చదివి వినిపించాడు, ఆయన అటుపక్క స్వాహా అన్నాడు. ఆ హోమం అలా గట్టెక్కింది.

తర్వాత శశికళ గారు. "నాయనా, ఆర్డర్లు చూద్దామని తెరిస్తే ఎవరిదో గరాజ్ తలుపు కనపడుతోంది. బాగానే ఉంది గానీ, నాకెందుకూ?" అంది.

బ్రహ్మయ్య పరుగున సీటుకి వచ్చి మనవాళ్ళని తీసెయ్యబోయాడు. వెనక గ్లెన్ నిలబడి తెర చూస్తున్నాడు. అసలు ఉద్యోగులు 'సరే' నొక్కి యాప్ పెట్టుకోవడానికి ఏడుస్తున్నారు, ముఖ్యంగా అమ్మకాలవాళ్ళు, క్రికెట్టో బేస్‌బాలో చూడ్డం కుదరదని. మనవాళ్ళు మాత్రం చదవకుండానే 'సరే' నొక్కేస్తున్నారు, యాప్ చేరిన ఫోన్ల అంకె చకచకా పెరుగుతోంది.

"భలే! ఈ అంకె ఒక్కటి కూడా తగ్గనివ్వకు" అన్నాడు గ్లెన్.

"ష్యూర్" అన్నాడు బ్రహ్మయ్య. ఏమనాలి ఈ మనిషిని!

ఇక రెండు రోజులు ఆ ముప్పై ఏడు ఇళ్ళవాళ్ళకీ "రెండ్రోజులు ఓపిక పట్టండి" అని బతిమాలుకోవడంతోనే సరిపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికి అసలు ఉద్యోగుల్లో నూట ఎనభై నాలుగు మంది చేరారు. మనవాళ్ళతో కలిపి రెండువందల ఇరవై ఒకటి. ఉన్నది రెండువందల పన్నెండు మంది. మీటింగులో పెద్ద తెర మీద నూటికి నూటనాలుగు అని ఆకుపచ్చగా వెలిగింది.

బ్రహ్మయ్య కళ్ళు మూసుకున్నాడు. ఎవడో ఒకడు లేచి, నూరు దాటి నాలుగెలా వచ్చిందని అడుగుతాడనుకున్నాడు. ఒక్కడు అడిగితే ఒట్టు! అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మకాల్లో నూటపది, నూటఇరవై రోజూ చూసేవాళ్ళకి నూటనాలుగొక లెక్కా?

"అన్నిట్లోకీ మనవాళ్ళు డిపార్ట్‌మెంట్ ఫస్టు. అందులో ఒక్కరు కూడా ఒక్క నిమిషం యాప్ ఆపలేదు. రాత్రీ లేదు, పగలూ లేదు. అమ్మకాలవాళ్ళు సిగ్గుపడాలి" అన్నాడు గ్లెన్. ఆపడం ఎలాగో తెలిస్తే కదా ఆపడానికి. "బ్రహ్మయ్యా, ఆ డిపార్ట్‌మెంట్ నుంచి ఎవరినైనా వీడియోలోకి పిలువు. రెండు నిమిషాలు మాట్లాడమను."

"ష్యూర్" అనేసింది ఆయన నోరు.

శశికళ గారు తెర మీదకి వచ్చింది. వెనక పొయ్యి మీద మూకుడు, చేతిలో అట్లకాడ. రెండువందల మంది చూస్తున్నారు. ఈ యాప్ మీ పనికి ఎలా ఉపయోగపడుతోందని గ్లెన్ అడిగాడు.

"వెరీ సేఫ్ బాబూ" అంది ఆవిడ ఇంగ్లీషులో. "టూ డేస్ నుంచి నో ఆర్డర్స్, నో కాల్స్, నో వేస్ట్ టాక్. ఓన్లీ వర్క్. టుడే ఐ మేడ్ సిక్స్టీ."

"రోజుకి అరవై! విన్నారా?" అన్నాడు గ్లెన్. అరవై ఏమిటో ఎవరూ అడగలేదు. వంకాయలు.

మీటింగయ్యాక గ్లెన్ బ్రహ్మయ్యని గదిలోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. సోమవారం ఆడిటర్ వస్తాడు. ఈ రెండువందల ఇరవై ఒక్కమందీ కంపెనీ మనుషులేననీ, వీళ్ళ ఫోన్లలో ఏమున్నా కంపెనీదేననీ, కావాలంటే ఎప్పుడైనా తుడిచేయొచ్చనీ అందులో ఉంది.

"ఐదింటికల్లా సంతకం పెట్టు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు" అన్నాడు.

బ్రహ్మయ్య కాగితం పట్టుకుని పార్కింగ్‌కి వెళ్ళి కార్లో కూర్చున్నాడు. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. శశికళ గారి నాలుగేళ్ళ ఆర్డర్లు, లక్ష్మీకాంతం గారి మంత్రాలు, పిల్లల బొమ్మలు, అన్నీ గరాజ్ తలుపుల కంపెనీ పాలవుతాయి. నమ్మి ఫోన్లు చేతిలో పెట్టినవాళ్ళు. సంతకం పెట్టకపోతే గ్లెన్‌కి ఆ మాట చెప్పాలి. ఎటు తిరిగినా ఎవరో ఒకరికి కుదరదని చెప్పక తప్పదు. జీవితంలో మొదటిసారి ఇరుక్కున్నాడు పాపం. గిరిజకి ఫోన్ చేశాడు.

అంతా విని గిరిజ తిట్టలేదు. అందుకే ఆయనకి ఇంకా ఎక్కువ భయమేసింది.

"ప్రాక్టీస్ చేద్దాం. నేనే గ్లెన్‌ని అనుకోండి. సంతకం పెట్టు బ్రహ్మయ్యా."

ఆయన జేబులు తడుముకున్నాడు.

"పెన్ను ఉందాండీ?" అన్నాడు బ్రహ్మయ్య.

"అయ్యో రామా! కుదరదు అనండి. కు, ద, ర, దు. నాలుగక్షరాలు."

"మరి అనిక చదువు? గ్రీన్‌కార్డ్?"

గిరిజకీ భయంగానే ఉంది. "పోతే పోనివ్వండి. అరవై రోజులుంటాయి కదా, చూసుకుందాం. ఆ పెద్దావిడ ఫోన్ వాళ్ళ చేతిలో పెట్టి, శనివారం ఆవిడ గుమ్మంలో డబ్బా కోసం ఏ మొహం పెట్టుకుని నిలబడతారు?"

ఐదింటికి పది నిమిషాలుండగా గ్లెన్ గదిలోకి వెళ్ళాడు. నోరు తెరిచాడు. ఇంగ్లీషు ముక్క రాలేదు.

"కుదరదండీ" అన్నాడు తెలుగులోనే.

"ఏంటి?" అన్నాడు గ్లెన్.

ఒకసారి బయటికి వచ్చాక ఇంక ఆగలేదు. అంతా చెప్పేశాడు. వాళ్ళు ఉద్యోగులు కాదని, ఆవిడ చేసింది అరవై వంకాయలని, తప్పు తనదేనని చెప్పి, సీటుకి వెళ్ళి ముప్పై ఏడు ఫోన్లనీ ఒక్కొక్కటిగా తీసేశాడు. తెర మీద నూటనాలుగు కాస్తా ఎనభై ఏడయ్యింది. ఎరుపెక్కింది. గ్లెన్ మొహం కూడా.

అరగంటలో హెచ్ఆర్ నుంచి అవని వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. ఆ పిల్ల కాలేజీలో చేరిన కొత్తలో, వాళ్ళమ్మ అడిగితే ఫోన్‌కి తాళం వేసింది బ్రహ్మయ్యే.

"అంకుల్, ఐ యామ్ సో సారీ. గ్లెన్ మిమ్మల్ని తీసేయమని చెప్పాడు. కానీ ఒక ఇష్యూ ఉంది. ఎవరు వెళ్ళిపోయినా వాళ్ళ అకౌంట్ అడ్మిన్ క్లోజ్ చేయాలి. అది అయితేనే మా సిస్టమ్ తీసుకుంటది. అడ్మిన్ అంటే మీరే కదా. సో, మీ అకౌంట్ మీరే క్లోజ్ చేస్తారా? ప్లీజ్?"

ఆయన తెర మీద అభ్యర్థన ప్రత్యక్షమైంది: బ్రహ్మయ్యను తొలగించవలెను. చేయవలసినవారు: బ్రహ్మయ్య. కింద రెండు బటన్లు, ఒప్పుకుంటున్నాను, తిరస్కరిస్తున్నాను. ఈ కంపెనీలో చేరిన ఎనిమిదేళ్ళలో ఆయన రెండో బటన్ ఒక్కసారి కూడా నొక్కలేదు. అలవాటు కొద్దీ మౌస్ మొదటిదాని మీదకే పోయింది. పిల్ల ప్లీజ్ అంది కూడానూ.

బ్రహ్మయ్య చెయ్యి ఆపుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏడు ఇళ్ళ తాళాలు వేసిపెట్టినవాడు, తన తలుపు తనే మూసుకోవాలా?

"కుదరదమ్మా" అన్నాడు. రెండోది నొక్కాడు.

అవని తన లాప్‌టాప్‌లో రూల్స్ పేజీ తెరిచి చివరిదాకా వెతికింది. "ఓకే. డిక్లైన్ చేస్తే నెక్స్ట్ ఏం చేయాలో రూల్ లేదు అంకుల్. ఇంతవరకు ఎవరూ చేయలేదు" అంది.

ఇది జరిగి పదమూడు వారాలైంది. ఆ రూలు రాయడానికి ఒక కమిటీ వేశారు. కమిటీవాళ్ళ లాప్‌టాప్‌లు బ్రహ్మయ్యే సెట్ చేసిపెట్టాడు. రోజూ ఆఫీసుకి వెళ్తున్నాడు, జీతం పడుతోంది. గ్లెన్ నడవాలో ఎదురైతే గోడవైపు చూస్తూ పోతాడు.

శనివారం రాత్రి శశికళ గారి వంకాయతో అన్నం తింటుండగా గిరిజ నెయ్యి వడ్డిస్తూ, "మా పిన్ని కొడుకు రేపు దిగుతున్నాడు. ఎయిర్‌పోర్ట్‌కి మీరే వెళ్ళాలి" అంది.

బ్రహ్మయ్య ముద్ద ఆపి నోరు తెరిచాడు. "కు..." అన్నాడు.

గిరిజ గరిట ఆపింది. అలాగే చూసింది.

"ఫ్లైట్ ఎన్నింటికి?" అన్నాడు బ్రహ్మయ్య.