గుండు చూసి తెచ్చిన సంగటి

వయసులో ఉన్నప్పుడు మనకొచ్చిన కష్టం లోకంలో ఇంకెవరికీ రాలేదనిపిస్తుంది. ఆ రోజుల్లో నేనూ అంతే. చింతామణి ఊళ్ళో టమోటా మండీలో నా పని పోయింది. యజమాని దుకాణమే మూసేశాడు. మా ఊరు పాతపాళ్యలో ఉన్న అమ్మానాన్నలకు చెప్పే ధైర్యం లేదు. ఇంకో పని ఇప్పించు స్వామీ అని తిరుపతికి పోయి గుండు చేయించుకున్నాను. (కోరిక తీరాక ఇవ్వాల్సిన జుట్టు ముందే ఇచ్చేశాను. బేరం తెలియని నన్ను మండీలో ఎలా పెట్టుకున్నారో!) ఆకలికి లడ్డు బస్సులోనే అయిపోయింది. అద్దెగదికి వచ్చి చూస్తే గ్యాస్ కూడా అయిపోయింది. మోకాళ్ళ మీద తల పెట్టుకొని కూర్చుండిపోయాను.

వీధి ఆడవాళ్ళు కిటికీలోంచి గుండు చూశారు, మీసం లేకపోవడం చూశారు, పొయ్యి వెలగకపోవడం చూశారు. ఇక అడిగేదేముంది? చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించరు, ఇరుగుపొరుగే తెచ్చి పెట్టాలి. కాసేపటికి ఇంటి ఓనరమ్మ చారన్నంతో, పక్కింటామె వంకాయ కూరతో, ఎదురింట్లో ఒంటరిగా ఉంటూ పూలమ్ముకొనే పూలవ్వ రాగి సంగటితో వచ్చారు.

"పోయినోళ్ళతో మనమూ పోతామా అప్పా? రెండు ముద్దలు తిను," అంది అవ్వ.

"పోయింది మీ నాయనా, అమ్మా?" అని ఓనరమ్మ మెల్లగా అడిగింది.

"ఇద్దురూ బాగుండారమ్మా. నేను తిరుపతికి పోయొచ్చినా."

"మరి పొయ్యెందుకు ముట్టించలా?"

"గ్యాస్ అయిపోయింది."

ఓనరమ్మ పడీపడీ నవ్వింది. పక్కింటామె నవ్వలేదు. "మా ఇంటాయనకు ఇదంటే పానం," అంటూ వంకాయ కూర గిన్నెకు మూతపెట్టి వెనక్కి తీసుకుపోయింది. అవ్వ మాత్రం కదల్లేదు.

"నవ్వొద్దమ్మా. గ్యాస్ అయిపోయినోడి మొగమా ఇది? ఏం పోయిందో చెప్పప్పా."

"పని పోయిందవ్వా," అన్నాను. అంతే, అందాకా బిగబట్టిన ఏడుపు తన్నుకొచ్చింది. నిజంగా తండ్రి పోయినవాడు కూడా అంత గట్టిగా ఏడవడేమో.

"అట్లయితే దాని కర్మ అయ్యేదాకా మా ఇంట్లోనే తిను," అంది అవ్వ.

తిన్నాను. సిగ్గు విడిచి రోజూ తిన్నాను. పని దొరికేలోపే తలమీద జుట్టు వచ్చేసింది. కనబడినప్పుడల్లా ఓనరమ్మ, "ఏమప్పా, ఇంకా మైల తీరలేదా?" అని ఏడిపించేది. పైకి నవ్వేవాణ్ని గానీ ఆ మాట గుచ్చుకొనేది. అవ్వ మాత్రం నా ముద్దకు గుంట చేసి పులుసు పోసి, పూల అంగడి కబుర్లన్నీ చెబుతూ తన ముద్ద తినేది. (ఆమె మాటలు అయ్యేసరికి నా చెయ్యి ఎండిపోయేది.)

చివరికి బాగేపల్లిలో ఒక అంగట్లో పని దొరికింది. పరుగున పోయి చెప్పాను. అవ్వ నా తల నిమిరింది.

"మంచిదప్పా. ఇంగ రేపట్నించి ఒక ముద్దకే కెలకాల," అంది కళ్ళొత్తుకుంటూ.

అవ్వకు చాకిరీ తగ్గిందని ఎంత సంతోషించానో! పైగా, "పొగకు కండ్లు మండతాండాయేమో, తలుపు తీసి వండుకో అవ్వా," అని సలహా కూడా ఇచ్చి బస్సెక్కాను. ఆ తెలివిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ సంగటి ముందు ఒక్కతే కూర్చున్న అవ్వ నా కళ్ళ ముందు మెదలగానే ఆ నవ్వు అక్కడే ఆగిపోతుంది.