గుట్టెక్కిన సిగ్నల్ పెట్టె

అక్షతది జహీరాబాద్. హైదరాబాద్‌లో టెలికాం పరిశోధకురాలు. సెల్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో, ఎక్కడ చస్తుందో కొలవడం ఆమె పని. బస్టాండులో ఎవరైనా అడిగితే ఇంత కథా చెప్పాలి. అంతా విని, "అయితే జర నా ఫోన్ చూడమ్మా, ఛార్జింగ్ ఎక్కుతలేదు" అంటారు. ఏం చేస్తుంది పాపం, చూస్తుంది.

ఝరాసంగం అవతల ఆమె మేనత్త శాంతమ్మ ఊళ్లో సిగ్నల్ చుక్క లేదు. అత్త కోడలు శిల్పకు నెలలు నిండుతున్నాయి. దవాఖాన బండిని పిలవాలంటే ఊరి బయట గుట్ట ఎక్కాల్సిందే. అందుకే అక్షత పట్టుబట్టి ఆ ఊరిని సర్వేలో చేర్పించింది. సిగ్నల్ లేదని తేలితే టవర్ ఖాయం. కొలిచే పెట్టెను మేనత్త ఇంటి అరుగు మీద పెట్టి, "మంచిగ చూసుకోన్రి" అని చెప్పి వెళ్లిపోయింది.

నెల తిరిగేసరికి లెక్కలొచ్చాయి. సిగ్నల్ భేష్! అదే అరుగు మీద హలో హలో అని గొంతు చించుకున్న మనిషే అక్షత. అయినా యంత్రం అబద్ధమాడుతుందా? 'సిగ్నల్ లేదన్నది గ్రామస్థుల అపోహ' అని నివేదిక రాసిపడేసింది. పెద్దసార్లు చప్పట్లు కొట్టారు. టవర్ల జాబితాలోంచి ఊరి పేరు ఎగిరిపోయింది.

పెట్టె తెచ్చుకుందామని వెళితే అరుగు ఖాళీ.

"గుట్ట మీదుంది బిడ్డా," అంది శాంతమ్మ గర్వంగా. "నువ్వు పోంగనే ఎర్రలైటు ఒకటే కొట్టుకునుడు. సిగ్నల్ అందక పాడైతదని మీ మామ నెత్తిన వెట్టుకొని గుట్టెక్కిచ్చిండు. అప్పటిసంది పచ్చలైటే! వానకు తడవకుండ గుడిసె గూడ ఏసిండు. నా తల్లిగారింటి పిల్ల మిషను మా ఊర్ల ఖరాబైతే ఇజ్జత్ పోదా?"

ఓరి దేవుడా! అక్షత పరుగున గుట్టెక్కి పెద్దసారుకు ఫోన్ చేసింది. పొరపాటైంది సార్, ఈ ఊళ్లో సిగ్నల్ లేదు మొర్రో అంది.

"నీ గొంతు పక్కనే ఉన్నట్టు వినబడుతోంది కదమ్మా!" అని ఆయన నవ్వి పెట్టేశాడు.

కిందికొస్తే శిల్ప నడుం పట్టుకుని గడపలో కూర్చుంది. "ఏమన్నరక్కా, టవర్ వస్తదా?"

"రాదు. తప్పంత నాదే చెల్లె," అంటూ అక్షత ఏడ్చేసింది.

మామ గురులింగప్ప ఆమె తల నిమిరాడు.

"గింతదానికి ఏడుస్తరా? ఫికర్ జేయకు. కాన్పయ్యేదాంక శిల్పను ఆ గుడిసెలనే ఉంచుతం. మిషన్‌కు మంచిగనే వడ్డది గద."