అచ్చొచ్చిన వజ్రం

ఇప్పుడంటే వజ్రాన్ని ఫోనులో చూసి కొనేస్తున్నారు గానీ, నా కాలేజీ రోజుల్లో మా భవానీపురంలో వజ్రం కొనడమంటే ఇంటికి సంబంధం కలుపుకున్నట్టే. నమ్మకస్తులైతే షావుకారు డబ్బు కట్టకముందే రాయి ఇచ్చేసేవాడు. నాలుగు రోజులు దేవుడి దగ్గర పెట్టి చూసేవారు. ఈలోగా మంచి జరిగితే అచ్చొచ్చినట్టు. ఎవరి కాలు బెణికినా, పాలు విరిగినా రాయి వెనక్కి. (ఎండకు విరిగినా సరే, నేరం రాయిదే.)

మా అమ్మకు పెళ్ళినాటి నుంచీ వజ్రపు ముక్కుపుడక మీద ఆశ. చీరలమ్మి కూడబెట్టుకుని, ఎట్టకేలకు ఒకటి ఇంటికి తెచ్చుకుంది. కానీ తీర్పు చెప్పాల్సింది మా నాయనమ్మ. అంతకుముందు ఓసారి అమ్మ తెచ్చిన వజ్రాన్ని పిల్లి అడ్డొచ్చిందని తిప్పి పంపేసిన ఘనురాలు. "ఎవరికి చీమ కుట్టినా నాకు చెప్పాలి. దాచారో, చూడండి!" అని ముందే హెచ్చరించింది.

ఆ సాయంత్రమే నేను స్కూటీ మీంచి పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. నిజం చెబితే అమ్మ ముక్కుకు మళ్ళీ ఆ పాత గాజురాయి పుడకే గతి. అందుకని మండుటెండల్లో పొడుగు లంగా కట్టి, లేని వినయం తెచ్చుకుని తిరిగాను.

"ఏంటే, కొత్తగా లంగా?"

"నీకిష్టమని, నాయనమ్మా!"

మర్నాడు నాన్న చీరల మూట బస్సులో మర్చిపోయి హనుమాన్ జంక్షన్‌లో దిగిపోయాడట. ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు.

"ఒరే అబ్బాయ్, మూటేది?" అంది నాయనమ్మ.

"అన్నీ అమ్ముడుపోయాయమ్మా!"

"చూశారా, రాయి మహిమ!" అని ఆవిడ మురిసిపోయింది. నాన్న వరండాలో నా చెవిలో నిజం చెప్పి, "మీ అమ్మతో అనకే తల్లీ" అని బతిమాలాడు. (మూట తర్వాత డిపోలో దొరికిందిలెండి.)

గడువు రోజున నాయనమ్మ అందరినీ పిలిచి, "ఎవరికీ ఏం కాలేదుగా?" అంది. నాన్నా నేనూ ఒక్క గొంతుతో "లేదు" అన్నాం.

"అయితే అచ్చొచ్చింది. పెట్టుకో అమ్మాయ్."

అమ్మ ముక్కుపుడక పెట్టుకుని, కళ్ళనీళ్ళతో అత్తగారి కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. చెయ్యి తగిలిందో లేదో, నాయనమ్మ "అమ్మో!" అని కాలు వెనక్కి లాక్కుంది. చూస్తే, కుచ్చెళ్ళ కింద బొటనవేలు వంకాయలా వాచి ఉంది.

"ఇదేంటత్తయ్యా! ఎప్పుడు?"

"మొన్న పెరట్లో పాచి మీద కాలు జారిందిలే. దానికీ రాయికీ ఏంటి సంబంధం? లే, ముందెళ్ళి అద్దంలో చూసుకో."

ఇప్పుడా ముక్కుపుడక నా దగ్గరుంది. మొన్న మెట్ల మీద జారి కూలబడితే, మా కోడలు పరుగెత్తుకొచ్చి "ఏమైందత్తయ్యా?" అంది.

"ఏం కాలేదమ్మా" అన్నాను, నడుము పట్టుకుని. రేపు అది ఆ పిల్ల ముక్కుకు వెళ్ళాల్సిందాయె!