సౌనా బండికి ఏ బ్రేకు?

మా బావ రేనో కంగస్ ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. మంచులో, వానలో, సుపీరియర్ సరస్సు మీంచి గాలి ఈడ్చికొట్టే రోడ్ల మీద, ఒక్క పిల్లాడి ముక్కు కూడా ముందు సీటుకి తగలనివ్వలేదు. ఈ మాట ఆయనే చెప్పుకుంటాడు, మేం వినీ వినీ విసిగిపోయాం. అలాంటి మనిషి కిందటేడు వేసవి మొదట్లో ఒక చిన్న బండికి ఏ బ్రేకు వేయించాలో తేల్చుకోలేక, మూడు వారాలు మమ్మల్నందర్నీ కాల్చుకు తిన్నాడు.

ఆ బండంటే చక్రాల మీద సౌనా, ఆవిరిస్నానపు గది. దేవదారు చెక్కతో ఆయనా, మా అక్క లెంపీ కలిసి కట్టుకున్నారు. లోపల రెండు మెట్ల బల్ల, ఇనప పొయ్యి, దాని మీద సరస్సు ఒడ్డున ఏరిన నల్లరాళ్ళు. మా కీవెనా వైపు శనివారం సాయంత్రం ఆవిరి పట్టకపోతే ఆ వారం గడిచినట్టే ఉండదు. కానీ అందరి ఇళ్ళలోనూ సౌనా ఉండదు కదా. పురుడొచ్చిన ఇంటికి, మనిషి పోయిన ఇంటికి, కాలు విరిగి మంచాన పడ్డవాడి ఇంటికి బావ తన ట్రక్కుకి దీన్ని తగిలించుకుని వెళ్ళేవాడు. తనే పొయ్యి ముట్టించేవాడు. ఎవరూ పిలవక్కర్లేదు, ఎవరినీ ఆ బండి ముట్టుకోనిచ్చేవాడూ కాదు. పద్దెనిమిదేళ్ళు అలా తిప్పాడు.

అంతకుముందు అక్టోబరులో గని కొండ దిగుతుంటే ఆ బండి వెనకనుంచి తోసేసింది. దానికి బ్రేకుల్లేవు మరి. ట్రక్కు ఆగాల్సిన గీత దాటి నాలుగు రోడ్ల మధ్యకి పోయి నిలబడింది. దేవుడి దయవల్ల ఆ నిమిషంలో ఎవరూ అడ్డం రాలేదు. పోలీసు కుర్రాడొచ్చి, ఇంత బరువు బండి బ్రేకుల్లేకుండా మళ్ళీ రోడ్డు మీద కనిపిస్తే ఊరుకోనని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. దాంతో సౌనా షెడ్డులో పడింది. చలికాలంలో ఇద్దరికి పురుళ్ళొచ్చాయి, ముసలి హిల్యా పోయింది, ఏ ఇంటికీ అది వెళ్ళలేదు.

"జూన్ నడివేసవి పండక్కి అది సరస్సు ఒడ్డుకి చేరకపోతే ఇంక అందులో కోళ్ళని పెంచుతాను," అంది అక్క. అందుకే ఈ బ్రేకుల గొడవ మొదలైంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్లో కళ్ళ డాక్టరు బావకి కుడికంట్లో నడిమధ్య మచ్చ ఉందన్నాడు. దూరాలు నడపొద్దు, శరదృతువులో మళ్ళీ చూస్తానన్నాడు. అక్క ఈ మాట నాకొక్కదానికే చెప్పి, "నీకు చెప్పానని ఆయనతో అనకు, ఇల్లు పీకి పందిరేస్తాడు," అంది. నేనూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. డెబ్భై నాలుగేళ్ళ కన్ను, ఏదో ఒకటి ఉండదా అనుకున్నాను.

వంటింటి బల్ల మీద కాఫీ కప్పు ట్రక్కు, ఉప్పుబుడ్డి బండి. బావ వాటిని పెట్టుకుని మాకు పాఠం చెప్పేవాడు.

"ఇదిగో ఐలీ, సర్జ్ బ్రేకంటే ఇది. ట్రక్కు ఆగింది. వెనక బండి ఆగదు, ముందుకి తోసుకొస్తుంది. ఆ తోపుడే దాని మూతిలో కడ్డీని నొక్కుతుంది, నూనె చక్రాలకి పోతుంది, బ్రేకు పడుతుంది. ట్రక్కులో ఏమీ బిగించక్కర్లేదు."

"బావుందిగా. అదే వేయించు."

"ఏడిసినట్టుంది! వెనక్కి నడిపినా తోపుడే కదా? అప్పుడూ బ్రేకు పడిపోతుంది. మన పెరడు పల్లం, బండిని వెనక్కి నడిపే రోడ్డెక్కించాలి. అప్పుడల్లా మూతి జరక్కుండా ఒక పిన్ను దూర్చాలి, రోడ్డెక్కాక తియ్యాలి. తియ్యడం మర్చిపోయావో, అసలు బ్రేకే లేనట్టు."

"అయితే కరెంటు బ్రేకు వేయించు."

"ఊఁ, కరెంటు బ్రేకే మంచిది. స్టీరింగు కింద ఒక చిన్న పెట్టె. కొండ దిగేటప్పుడు వేలితో నొక్కితే వెనక బండొక్కటే ఆగుతుంది. పగ్గం మన చేతిలో ఉంటుంది."

"తేలిపోయిందిగా మరి."

"ఏం తేలింది? ఆ పెట్టె లేని ట్రక్కు దీన్ని లాగగలదా?"

"నీ ట్రక్కులో ఉంటుందిగా! లాగేది నువ్వేగా!"

అంతే, కప్పు తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. ఉప్పుబుడ్డి బల్ల మీద ఒంటరిగా ఉండిపోయింది. నేనేం తప్పుమాట అన్నానో నాకు తెలియలేదు.

సోమవారం కరెంటు బ్రేకులు తెప్పించమని గ్యారేజీ వెండెల్‌కి ఫోను చేశాడు. బుధవారం వద్దన్నాడు. శుక్రవారం ఊళ్ళోవాళ్ళు చేరే కాఫీ దగ్గర అందర్నీ అడిగాడు. పడవబండ్లున్నవాళ్ళు సర్జ్ అన్నారు, గుర్రాలని మోసే బండ్లున్నవాళ్ళు కరెంటన్నారు, రెండూ లేని పాస్టరుగారు మాత్రం ప్రార్థన చేసి నిర్ణయించుకోమన్నాడు. బావ అందరి మాటలకీ తలూపి, ఇంటికొచ్చి మళ్ళీ ఉప్పుబుడ్డి ముందు కూర్చున్నాడు.

"అక్కా, ఈయనకి బుర్ర తిరుగుతోందా? మూడేళ్ళ పిల్లకి చెప్పినా కరెంటు బ్రేకే అంటుంది," అన్నాను.

"నన్నడక్కు. అర్ధరాత్రి లేచి పిన్ను అంటాడు," అంది అక్క. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకి సిగ్గేస్తుంది.

పండగ వారం రోజుల్లోకి వచ్చింది. నాకు ఓపిక నశించి, నేనే ఆయన్ని నా ట్రక్కులో ఎక్కించుకుని వెండెల్ దగ్గరికి లాక్కెళ్ళాను. ఉత్తరాలు పంచే ఉద్యోగంలో ఇరవై ఏళ్ళు ఇలాంటి మొండివాళ్ళని చాలామందిని చూశాను. వెండెల్‌కి యాభై ఏళ్ళు, చిన్నప్పుడు బావ బస్సులోనే బడికి వెళ్ళాడు. ఇప్పటికీ ఆయన ముందు టోపీ తీస్తాడు.

"ఇందులో ఆలోచించేదేముంది రేనో గారూ?" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "నీళ్ళలో దింపే పడవబండి కాదు, కరెంటుకి భయం లేదు. కొండ నిటారు, మీ పెరడు పల్లం. కళ్ళు మూసుకుని కరెంటు బ్రేకే వేస్తాను. రేపు పొద్దున్న ట్రక్కు తీసుకురండి, పెట్టె బిగించేస్తాను."

"ఎవరి ట్రక్కు?"

"మీదే. ఇంకెవరిది?"

బావ గ్యారేజీ గుమ్మంలోంచి రోడ్డుకేసి చూశాడు. ఎటు చూస్తున్నాడో, ఎంత కనిపిస్తోందో నాకు తెలియదు.

"నీ ట్రక్కులో ఆ పెట్టె ఉందట్రా వెండెల్?"

"నాకెందుకండీ? లేదు."

"ఐలి ట్రక్కులో?"

"లేదు," అన్నాను.

"పాస్టరుగారి దాంట్లో?"

"ఆయన ట్రక్కులో రేడియోనే పనిచెయ్యదు," అన్నాడు వెండెల్ నవ్వుతూ.

"మరి వచ్చే చలికాలం దీన్ని ఎవర్రా లాగేది?"

వెండెల్ నవ్వు ఆగిపోయింది. కళ్ళ డాక్టరు మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. మూడు వారాలుగా ఆ మనిషి మమ్మల్ని అడిగింది బ్రేకు గురించి కాదు. మేం సమాధానం చెప్పిన ప్రతిసారీ, లాగేది నువ్వేగా, లాగేది నువ్వేగా అని పుండు మీద కారం చల్లాం. నా మీద నాకే కోపం వచ్చింది.

"సర్జ్ వెయ్యరా," అన్నాడు బావ. "ఎవడి ట్రక్కుకి తగిలించినా ఆగాలి."

వెండెల్ బండిని కొలవడానికి కొలటేపు తీసుకుని మాతో బయల్దేరాడు.

పండగనాడు పొద్దున్న బండిని నా ట్రక్కుకే తగిలించాం. బావే అన్నాడు, "నీది తగిలించు," అని, కాఫీ పొయ్యమన్నంత మామూలుగా. ఆయన కిందకి వంగి మూతిలో పిన్ను దూర్చాడు. నేను వెనక్కి నడుపుతుంటే పక్కన నడుస్తూ, "ఎడమకి, ఎడమకే, ఎటు పోతున్నావే తల్లీ, అక్క గులాబీలు!" అని అరిచాడు. మొత్తానికి రోడ్డెక్కాం. గని కొండ దిగుడు అక్కణ్ణించే మొదలవుతుంది. అక్క సరస్సు దగ్గర మా కోసం ఎదురుచూస్తోంది.

బావ మళ్ళీ మూతి దగ్గరికి వెళ్ళాడు. వంగి, తడుముకుంటూ చాలాసేపు ఉన్నాడు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"పిన్ను తీశావా బావా?"

"తీశాను."

ట్రక్కు గేరులో పెట్టాను. కాలు మాత్రం కదల్లేదు. కింద కొండ రోడ్డు, దాని చివర నాలుగు రోడ్లు కనిపిస్తున్నాయి. ఆయన ఎదుటే దిగి వెళ్ళి చూడాలా? చూస్తే ఏమనుకుంటాడు? చూడకపోతే? ఆఖరికి గేరు తీసి, తలుపు తీసుకుని దిగాను.

పిన్ను తీసే ఉంది. గొలుసుకి వేలాడుతోంది.

తిరిగొచ్చి కూర్చున్నాను. బావ మొహం చూడలేకపోయాను. తిడతాడనుకున్నాను, తిడితే బావుండుననుకున్నాను. ఆయన అద్దంలోంచి ముందుకే చూస్తున్నాడు.

"తీశానా?" అన్నాడు మెల్లగా.

"తీశావు బావా."

"ఊఁ." తర్వాత అన్నాడు, "ఇకమీద నేను తీశానన్నా సరే, దిగి చూసుకో. నా మాట నమ్మకు."